కరెంటు పోయిన రాత్రి జనరేటర్ ఎక్కడ పెట్టాలి? విద్యుత్ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ విద్యుత్ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఈదురుగాలికి చెట్టు విరిగి తీగల మీద పడితే కూకట్‌పల్లిలోనైనా మలక్‌పేటలోనైనా గంటల తరబడి కరెంటు రాదు. ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోగానే చిన్న పెట్రోల్ జనరేటర్ బయటికి తీస్తారు. వాన తడపకూడదని సెల్లార్‌లోనో, బాల్కనీలోనో, మెట్ల కిందో పెడతారు. ప్రాణాలు పోయేది అక్కడే.

దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత వస్తాయి; నిద్రలో ఉన్నవాళ్లకు అవీ తెలియవు. సెల్లార్ గదిలో పడుకునేది వాచ్‌మన్ కుటుంబమని మరవకండి. డక్టుల గుండా, లిఫ్టు దారి గుండా ఆ విషవాయువు పై అంతస్తులకూ ఎక్కుతుంది. కిటికీ తెరిచినా, ఫ్యాన్ పెట్టినా చాలదు. ఆరుబయట, తలుపులకూ కిటికీలకూ కనీసం 6 మీటర్ల దూరంలో, సైలెన్సర్ ఇంటివైపు కాకుండా తిప్పి పెట్టాలి. వానకు పైన రేకు చాలు, చుట్టూ మూయకూడదు. ఎవరికైనా తల తిరిగితే ముందు బయటి గాలిలోకి తేవాలి, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

రెండో ప్రమాదం మీ సిబ్బందికే. రెండు చివర్లా ప్లగ్గులున్న వైరుతో జనరేటర్‌ను గోడ సాకెట్‌కు కలిపేస్తున్నారు. మెయిన్ దించడం మరిస్తే ఆ 230 వోల్టులు సర్వీసు వైరులోంచి వెనక్కి పారతాయి. ట్రాన్స్‌ఫార్మర్ వాటిని 11 కేవీ (11 వేల వోల్టుల) లైను వైపు వేల వోల్టులు చేసి పంపగలదు. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపి పనికిచ్చే అనుమతి) తీసుకుని, లైను చచ్చిందన్న నమ్మకంతో స్తంభమెక్కిన మనిషి చెయ్యి దాని మీదే పడుతుంది. ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి బయటి లైను నుంచి విడదీసి జనరేటర్‌కు మార్చే డబుల్ పోల్ చేంజోవర్ స్విచ్ ఉంటే ఇది జరగదు. అది లేని ఇంట్లో 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల రాగి వైరుతో ఫ్రిజ్‌ను, ఫ్యాన్లను నేరుగా జనరేటర్‌కే తగిలించాలి.

2 కేవీఏ జనరేటర్ ఇచ్చేది దాదాపు 1600 వాట్లే. 1 హెచ్‌పీ మోటారు తిరిగేటప్పుడు సుమారు వెయ్యి వాట్లే తీసుకున్నా, స్టార్టయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. అప్పుడు వోల్టేజీ పడిపోతుంది, మోటారు తిరగలేక మూలుగుతూ వైండింగ్ కాల్చుకుంటుంది. పెట్రోల్ పోయాలంటే ఇంజను ఆపి 15 నుంచి 20 నిమిషాలు చల్లారనివ్వాలి.

మంత్రి గారూ, మీటర్ రీడింగ్‌కు వచ్చే సిబ్బంది చేతికి తెలుగు, ఉర్దూ కరపత్రాలివ్వండి. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసినవారికి జనరేటర్ ఎక్కడ పెట్టాలో ఒక్క వాక్యం వినిపించండి. జనరేటర్లు అమ్మే, అద్దెకిచ్చే దుకాణాలు ఆ రెండు ప్లగ్గుల వైరు ఇవ్వకుండా ఉత్తర్వు తెప్పించండి. తొలకరి లోపే.

ఇట్లు,
హైదరాబాద్‌లో జనరేటర్లు బిగించే, బాగుచేసే ఎలక్ట్రీషియన్లు