అమెరికాకు ఎన్ని ఎకరాలు సార్?

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన శనివారం పేరెంట్స్ మీటింగ్ అయిపోయాక ఒక తండ్రి నన్ను పక్కకు పిలిచారు. "మా బిడ్డను పై చదువుకు అమెరికా పంపాలంటే ఎన్ని ఎకరాలు అమ్మాలె సార్?" అని అడిగారు. బిడ్డ ఇంకా ఎనిమిదో తరగతి! పొలం జోలికి ఇప్పుడే పోవద్దని చెప్పాను. మిగతాది అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

విదేశాల్లో పీజీ చదవడానికి తెలంగాణ ప్రభుత్వం 20 లక్షల రూపాయల వరకు ఇస్తోంది. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి, మైనారిటీలకు సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉన్నాయి. ఇది అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు. ఇంటి ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి. డిగ్రీలో 60 శాతం మార్కులు, ఐఈఎల్‌టీఎస్ లేదా టోఫెల్ లాంటి ఇంగ్లిష్ పరీక్షలో స్కోరు కావాలి. సీట్లు పరిమితం కాబట్టి అడిగిన అందరికీ రాదు. దరఖాస్తు రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల ఈపాస్ వెబ్‌సైట్‌లోనే. మధ్యలో ఎవరైనా "మేం ఇప్పిస్తాం" అని డబ్బులు అడిగితే ఇవ్వకండి.

అంతదాకా ఆగలేమంటే బడిలోనే ఒక దారి ఉంది. పిల్లల కొత్త సైన్స్ ఆలోచనల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టే ఇన్‌స్పైర్ మానక్ పోటీకి మన బడి నుంచి ఏటా ఐదు ఐడియాలు పంపొచ్చు. ఎంపికైతే నమూనా చేయడానికి పిల్లల ఖాతాలో 10,000 రూపాయలు పడతాయి. జిల్లా, రాష్ట్రం దాటి జాతీయ స్థాయిలో గెలిచిన పిల్లల్లో కొందరు, విదేశీ పిల్లలను జపాన్‌కు పిలిచే సకురా సైన్స్ కార్యక్రమం కింద అక్కడికి వెళ్లొచ్చారు. వడ్లు ఆరబోసేటప్పుడో, పత్తి ఏరేటప్పుడో మీరు పడే ఇబ్బందులు పిల్లలకు చెప్పండి. ఐడియా అక్కడ దొరుకుతుంది. యూట్యూబ్ చూసి చేసిన సిరంజీల జేసీబీలు నాకు ఇప్పటికే నాలుగు వచ్చాయి, ఇక చాలు.

ఇప్పుడు అసలు పని. ఇదివరకు నేను పనిచేసిన బడిలో, నా సంతకంతో వెళ్లిన టెన్త్ నామినల్ రోల్‌లో (పరీక్ష రాసే పిల్లల వివరాలతో బోర్డుకు పంపే జాబితాలో) ఒక అమ్మాయి పేరులో ఒక ఇంగ్లిష్ అక్షరం తప్పు పడింది. అప్పుడు ఎవరూ చూడలేదు. ఏళ్ల తర్వాత పాస్‌పోర్ట్ తీసుకునేటప్పుడు బయటపడింది. మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. ఆ ఒక్క అక్షరం కోసం ఆ అమ్మాయి ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ఉండగానే స్కాలర్‌షిప్ గడువు దాటిపోయింది. ఆ తప్పు నాదే.

అందుకే టెన్త్ పిల్లల తల్లిదండ్రులు ఈసారి నామినల్ రోల్ పంపకముందే ఒకసారి బడికి రండి. ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్ తెచ్చుకోండి. ఇంటి పేరు పూర్తిగా ఉందా, పొడి అక్షరమే ఉందా, తల్లి పేరు, తండ్రి పేరు సరిగ్గా ఉన్నాయా అన్నది పక్కన కూర్చుని చూసుకుందాం. పగలు వస్తే కూలి పోతుందనుకునేవాళ్లు సాయంత్రం రండి. ఆరు దాకా నా గదిలోనే ఉంటాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల