ఎలక్ట్రిక్ బస్సులు సరే, డ్రైవర్ సంగతేంటి? రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి పొన్నం ప్రభాకర్ గారికి నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక సిటీ డిపోలో ఆర్టీసీ డ్రైవర్‌ని. డిపో పేరు, స్టాఫ్ నంబర్ రాయట్లేదు, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. విషయం ఒక్కటే సార్. ఈ ఉద్యోగంలోనే ఉండాలా, రాజీనామా చేసి ఊరికి పోవాలా అన్నది నేను తేల్చుకోవాలి. అది తేల్చుకోవడానికి కావాల్సిన సమాచారం మా డిపోలో ఎవరి దగ్గరా లేదు, యూనియన్ వాళ్ల దగ్గరా లేదు. మీ దగ్గర ఉంటుందని అడుగుతున్నా.

కేంద్రం వాళ్ల పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు అని పేపర్లో చదివినప్పుడు నేను సంతోషపడ్డాను, అబద్ధం కాదు. ఏప్రిల్, మే ఎండల్లో 218 మీద పటాన్‌చెరు నుంచి కోఠి దాకా ఇంజన్ పక్కన కూర్చుని, అమీర్‌పేట దగ్గర ఫస్ట్ గేరు, సెకండ్ గేరు, మళ్లీ ఫస్ట్ గేరు అంటూ నడిపినవాడికి వేడి, మోత లేని బస్సు చేదా? కానీ అవి వచ్చే పద్ధతి జీసీసీ, అంటే గ్రాస్ కాస్ట్ కాంట్రాక్ట్. బస్సు కంపెనీది, డ్రైవర్ కంపెనీ మనిషి, కండక్టర్ మాత్రం ఆర్టీసీ, తిరిగిన కిలోమీటరుకు ఇంత అని సంస్థ కంపెనీకి కడుతుంది. ఎక్కేవాళ్లకు ఏ తేడా తెలీదు, బస్సు మీద పేరు మనదే ఉంటుంది. మారేదల్లా స్టీరింగ్ ముందున్న సీటు, అదేమో నాది. గ్యారేజీలో మెకానిక్‌లు, వాళ్ల కింద పనిచేసే శ్రామిక్‌లది కూడా ఇంచుమించు ఇదే పరిస్థితి, వాళ్ల గురించి ఇంకా తక్కువ మాట్లాడతారు.

ఎవరి ఉద్యోగమూ పోదని పైనుంచి చెబుతున్నారు. నమ్ముతాను. అయితే ఉద్యోగం పోకపోవడం వేరు, చేతిలో బండి ఉండటం వేరు సార్. డ్యూటీ చార్ట్‌లో పేరు లేక రోజూ స్పేర్‌లో కూర్చునే మనిషికి జీతం వస్తుంది కానీ వాడు ఎన్నాళ్లుంటాడో వాడికే తెలీదు. ఔటర్ లోపల డీజిల్ బస్సులే ఉండవంటున్నారు కదా, మరి ఆ డీజిల్ బస్సులు జిల్లాలకు పోతే వాటి వెంట మమ్మల్నీ పంపుతారని ఒకడంటాడు, యాభై దాటినవాళ్లకు వీఆర్‌ఎస్ అని ఇంకొకడంటాడు, టికెట్లు కొట్టే మిషన్ (టిమ్) చేతికిచ్చి కండక్టర్ పని చేయిస్తారని మరొకడు. డిపో గేటు బయట చాయ్ కొట్టు దగ్గర రోజుకో సర్క్యులర్ పుడుతుంది. అసలు సర్క్యులర్ రాదు కాబట్టి.

ఇంట్లో సంగతి చెప్తా. మా బావమరిదికి సూర్యాపేట దగ్గర స్కూల్ బస్సులున్నాయి. నువ్వూ ఒక బస్సు ఫైనాన్స్‌లో తీసుకో, స్కూల్‌తో నేను మాట్లాడతా, నీకు ఒకడు డ్యూటీ వేసేదేంటి అంటున్నాడు. బాగానే ఉంది. కాకపోతే స్కూల్ బస్సుకు వేసవిలో పని ఉండదు, కిస్తీ మాత్రం ఉంటుంది, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, టైర్లు అన్నీ మన నెత్తినే. ఇక్కడ అమ్మకు తార్నాక ఆసుపత్రిలో మందులు వస్తున్నాయి, నెల కాగానే జీతం పడుతుంది, పీఎఫ్ ఉంది, రేపు నాకేమైనా అయితే బ్రెడ్ విన్నర్ స్కీమ్ కింద పిల్లల్లో ఒకరికి ఆసరా దొరుకుతుందన్న ధైర్యం ఉంది. ఒక్క సంతకంతో ఇవన్నీ వదులుకోవాలి. నా భార్య వద్దంటే వద్దంటోంది, మా నాన్న అయితే ఆ మాట ఎత్తితేనే లేచి బయటకు పోతున్నాడు.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. 2025లో వెయ్యి డ్రైవర్ పోస్టులకు నోటిఫికేషన్ పడింది, 20,960 నుంచి 60,080 స్కేలు. మా మేనల్లుడు హెవీ లైసెన్స్ పట్టుకుని వచ్చి "మామా, అప్లై చేయనా?" అని నన్నడిగాడు. నేనేమో పోదామని చూస్తున్నా, వాడేమో వద్దామని చూస్తున్నాడు! చేయరా అన్నాను. ఒక చేత్తో వెయ్యి మంది డ్రైవర్లను తీసుకుంటూ, ఇంకో చేత్తో ఆర్టీసీ డ్రైవర్ అక్కర్లేని 2,000 బస్సులు తెస్తున్నారంటే, పైన ఏదో లెక్క వేసే ఉంటారు. రిటైరయ్యేవాళ్లెందరు, ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం (మహాలక్ష్మి) వచ్చాక పెరిగిన రద్దీకి ఇంకెన్ని బస్సులు కావాలి, ఎందరు మిగులుతారు అని. ఆ లెక్కే బయటపెట్టమంటున్నాను, డిపోల వారీగా.

మాకు నమ్మకం ఎందుకు తక్కువో కూడా తెలుసుకోండి. 2019 అక్టోబర్ 5న సమ్మెకు దిగిన 48 వేల మందినీ "సెల్ఫ్ డిస్మిస్" అన్న ప్రభుత్వాన్ని చూశాం. అది మీ ప్రభుత్వం కాదు, ఒప్పుకుంటా. ఆంధ్రలో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ వాళ్లు ప్రభుత్వ ఉద్యోగులైపోయారు. మనకు 2023 ఆగస్టులో ఆర్టీసీ వాళ్లను ప్రభుత్వంలో కలిపే విలీనం బిల్లు అసెంబ్లీలో పాసైంది, తర్వాత గవర్నర్ సంతకమూ అయింది, రెండేళ్లు దాటినా విలీనం తేదీ రాలేదు. 2017 పీఆర్సీని (జీతాల సవరణ) 21 శాతం ఫిట్‌మెంట్‌తో 2024లో మీరే ఇచ్చారు, దానికి థాంక్స్, ఏడేళ్ల ఆలస్యం మీది కాదు. 2025 మేలో మీతో చర్చలయ్యాకే సమ్మె వాయిదా పడింది. ఆ చర్చల్లో ఈ ఎలక్ట్రిక్ బస్సుల సంగతీ ఉంది.

నేను అడిగేది పెద్దదేం కాదు. కంపెనీలతో ఒప్పందం చేసుకునేటప్పుడు, ఏ డిపోలో మా బండ్లు తీసేస్తారో ఆ డిపో డ్రైవర్లకు ముందు ట్రైనింగ్ ఇచ్చి, జీతం, సర్వీసు ఆర్టీసీలోనే ఉంచి ఆ బస్సులు మాతోనే నడిపించాలని షరతు పెట్టండి. కుదరదంటే ఎందుకు కుదరదో చెప్పండి. మాకు రాదని మాత్రం అనొద్దు. మా డిపోలో నోటీసు బోర్డు మీద ప్రతి నెలా కేఎంపీఎల్ లిస్టు పెడతారు, ఏ డ్రైవర్ లీటరు డీజిల్‌కు ఎంత దూరం తీశాడో పేరు పక్కనే ఉంటుంది, పైన ఉన్నవాడు మీసం తిప్పుతాడు, కింద ఉన్నవాడిని పిలిచి క్లాసు పీకుతారు. దూరంగా సిగ్నల్ ఎర్రగా కనిపించగానే యాక్సిలరేటర్ వదిలేసి బండిని దానంతట అదే వెళ్లనివ్వడం, ఊరికే బ్రేక్ తొక్కకపోవడం, ఇవన్నీ ఆ బోర్డు నేర్పినవే. ఎలక్ట్రిక్ బస్సులో కాలు తీయగానే బ్యాటరీకి కొంత చార్జింగ్ తిరిగి ఎక్కుతుంది. అంటే ఆ బండికి కావాల్సింది కూడా మా అలవాటే కదా. తక్కువ జీతానికి కొత్తగా ఎక్కిన కుర్రాడికి అది వచ్చేసరికి ఎన్ని అద్దాలు పగులుతాయో మరి.

బావమరిది తొందర పెడుతున్నాడు, స్కూళ్లు తెరిచేలోపు చెప్పమంటున్నాడు. అందుకే తొందరగా అడుగుతున్నా, రాజకీయం ఏమీ లేదు. ఏ డిపోల్లో మా బండ్లు తీసేస్తారన్న లిస్టు ఎలా ఉన్నా సరే, మా డిపో పేరు అందులో ఉన్నా సరే, తెలిస్తే దాన్నిబట్టి నా దారి నేను చూసుకుంటాను. వీలైతే ఏదో ఒక సిటీ డిపోలో గేట్ మీటింగ్ పెట్టి మీరే వచ్చి చెప్పండి. మధ్యాహ్నం షిఫ్టు మారే టైంకు రండి సార్, పొద్దున దిగేవాళ్లు, సెకండ్ షిఫ్టు ఎక్కేవాళ్లు ఇద్దరూ దొరికేది అప్పుడే.

ఇట్లు,
ఒక సిటీ బస్సు డ్రైవర్