షుగర్ మాత్రలు తగ్గించుకోమన్న మీ అమైనో ఆమ్లాల పొడిపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

నమస్కారం.

షుగర్‌కు పనిచేస్తుందన్న మీ ప్రకటన నమ్మి, నాలుగు నెలల కిందట మా నాన్నగారి కోసం మీ అమైనో ఆమ్లాల పొడి మూడు డబ్బాలు కొన్నాం. డబ్బా 1,850 రూపాయలు.

నాన్నగారికి 66 ఏళ్లు, పద్నాలుగేళ్లుగా షుగర్ ఉంది. లెక్కల మాస్టారుగా పనిచేసిన మనిషి. రోజూ పరగడుపున వేలు గుచ్చుకుని చూసుకుంటారు, వచ్చిన అంకెను తేదీ వేసి నోటుపుస్తకంలో రాసుకుంటారు. ఆ పుస్తకం ఇప్పుడు నా ముందు ఉంది. మీ పొడి మొదలుపెట్టక ముందు 125, 131, 128. "ఇన్సులిన్ దానంతటదే ఊరుతుంది, మాత్రలు మెల్లగా తగ్గించుకోండి" అని మీ ప్రతినిధి ఫోనులో చెప్పిన రెండు వారాలకు 168. ఆపైన 190, 214. ఆ 214 కింద ఎర్ర సిరాతో గీత గీశారు. మాకు మాత్రం చెప్పలేదు. గుణం కనిపించడానికి సమయం పడుతుందని మీవాళ్లు అన్నారట, ఓపిక పట్టారు. అరికాళ్ల మంటకు నిద్ర పట్టక ఒక రాత్రి మంచం మీద లేచి కూర్చుంటే గానీ సంగతి బయటపడలేదు.

షుగర్ పెరగడానికి మాత్రలు తగ్గించడమే కారణమని డాక్టరు గారు తేల్చారు. కిడ్నీలు దెబ్బతింటున్నాయనడానికి సూచనగా మూత్రంలో ప్రోటీన్ పోతున్న మనిషి డాక్టరును అడగకుండా ఇలాంటి పొడులు వాడకూడదని కోప్పడ్డారు కూడా. మీ కరపత్రంలో ఆ హెచ్చరిక లేదు సరికదా, "కిడ్నీలకు రక్ష" అని పెద్ద అక్షరాల్లో వేశారు!

ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఇన్సులిన్ విడుదలను ప్రేరేపిస్తుందన్నది నిజమే. అంతమాత్రాన అది మాత్రకు బదులు కాదు. ల్యూసిన్, అదే కోవకు చెందిన ఐసోల్యూసిన్, వాలిన్ అనే అమైనో ఆమ్లాలు రక్తంలో ఎక్కువగా ఉన్నవారికి మున్ముందు మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువని అమెరికాలో గుండె జబ్బులపై ఏళ్ల తరబడి సాగుతున్న ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనంలో పాల్గొన్నవారిని పరిశీలించి 2011లోనే చెప్పారు. అవి తింటే షుగర్ వస్తుందని నేను అనడం లేదు. ఇంకా తేలని విషయాన్ని తేలినట్టు ఎలా అమ్మారన్నదే నా ప్రశ్న. మీ పొడిలో ఆర్జినిన్ అనే మరో అమైనో ఆమ్లం కూడా ఉంది. గుండెపోటు వచ్చినవారికి ఆర్జినిన్ ఇచ్చి చూసిన ఒక ప్రయోగంలో, అది తీసుకున్నవారిలో ఆరుగురు చనిపోవడంతో కొత్తవారిని చేర్చుకోవడం ఆపేశారు. ఆ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. మా నాన్నగారికి అయిదేళ్ల కిందట గుండెపోటు వచ్చింది. డబ్బాలు అమ్మేటప్పుడు మీవాళ్లు ఆ ఒక్క మాట అడిగారా?

మధుమేహాన్ని నయం చేస్తామంటూ మందులను ప్రచారం చేయడాన్ని మందుల మోసపు ప్రకటనలపై తెచ్చిన 1954 నాటి కేంద్ర చట్టమే నిషేధించింది. ఇలాంటి పోషక ఉత్పత్తుల మీద "ఔషధంగా వాడటానికి కాదు" అని ముద్రించాలని ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2016 నిబంధనలు చెబుతున్నాయి. మీ డబ్బా మీద ఆ మాట అడుగున, మడత కింద ఉంది. భూతద్దం పెట్టి చదివాను.

మూడు డబ్బాల సొమ్ము 5,550 రూపాయలు, పరీక్షలకు అయిన ఖర్చు తిరిగి ఇవ్వండి. ఈ పొడి కొన్నవారందరికీ మళ్లీ ఫోన్ చేసి, డాక్టరును అడగకుండా మాత్రలు తగ్గించవద్దని చెప్పించండి. మా ఇంటి సంగతి ఎలా ఉన్నా ఈ పని ముందు చేయండి, ఇంకెవరి పుస్తకంలో ఎర్ర గీత పడిందో మనకు తెలియదు. 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను.

ఇట్లు,
మీ వినియోగదారురాలు

జతపరిచినవి: బిల్లుల నకళ్లు, డబ్బా, కరపత్రం ఫొటోలు, రక్తపరీక్షల నివేదికలు, నోటుపుస్తకంలోని నాలుగు పేజీల నకళ్లు.