గ్రామీణ బ్యాంకులు ఒక్కటైనా అప్పు నిర్ణయం జిల్లాలోనే ఉండాలి

సంపాదకుడు గారికి,

అయ్యా,

రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నిటినీ కలిపి 2025 మే 1న ఒకే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు చేశారు. కడపలో ఉన్న ఆంధ్రా ప్రగతి, గుంటూరులోని చైతన్య గోదావరి, చిత్తూరులోని సప్తగిరి, వరంగల్ నుంచి నడిచిన గ్రామీణ వికాస్ బ్యాంకు తాలూకు ఉత్తరాంధ్ర శాఖలు, అన్నీ ఇప్పుడు అమరావతి ప్రధాన కార్యాలయం కిందికి వచ్చాయి. దీనికి స్పాన్సర్, అంటే మూలధనంలో వాటా పెట్టి వెన్నుదన్నుగా ఉండే పెద్ద బ్యాంకు, యూనియన్ బ్యాంకు. బోర్డులు, పాసుపుస్తకాలు, కోడ్‌లు మారడం గురించి పత్రికల్లో చదివాం. మా పల్లెల్లో అడుగుతున్నది వేరు. నాలుగెకరాల వేరుశనగ రైతుకు, పది మంది ఆడవాళ్ల పొదుపు సంఘానికి అప్పు ఇవ్వాలా వద్దా అన్నది ఇక ఎవరు, ఎక్కడ కూర్చుని తేలుస్తారు? ఆ అధికారం జిల్లా దాటి పోకూడదనీ, ఏ జిల్లా లెక్క ఆ జిల్లా జనానికి తెలియజేయాలనీ కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ బ్యాంకులు ఎందుకు పుట్టాయో ఇప్పటి పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. 1969లో 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేశారు. అయినా సన్నకారు రైతుకు, కూలికి పోయేవాడికి, మగ్గం మీద బతికేవాడికి అవసరం వస్తే వడ్డీ వ్యాపారి గడపే దిక్కు. సహకార సంఘానికి ఊరి సంగతులు తెలిసినా చేతిలో డబ్బుండేది కాదు. పట్నం బ్యాంకులో డబ్బున్నా మేనేజరుకు ఊరి ముఖం తెలియదు. 1975లో ఎం.నరసింహం అధ్యక్షతన కూర్చున్న వర్కింగ్ గ్రూపు, ఈ రెంటిలోని మంచినీ కలిపి మరో రకం బ్యాంకు పెట్టమని సిఫారసు చేసింది. ఆ నరసింహం గారే 1977లో కొన్ని నెలలు రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్నారు. సిఫారసు చేసిన 1975లోనే సెప్టెంబరు 26న ఆర్డినెన్సు వచ్చింది, గాంధీ జయంతి నాటికి దేశంలో ఐదు గ్రామీణ బ్యాంకులు తలుపులు తీశాయి. చట్టం 1976లో వచ్చింది. మూలధనంలో కేంద్రానికి 50 శాతం, స్పాన్సర్ బ్యాంకుకు 35, రాష్ట్ర ప్రభుత్వానికి 15. మొదట్లో సన్న, చిన్నకారు రైతులు, కూలీలు, చేతివృత్తుల వాళ్లు, చిన్న వ్యాపారుల వంటి బలహీన వర్గాలకే ఈ బ్యాంకు అప్పిచ్చేది. తొంభైల్లో ఆ కట్టు సడలించారు.

మన దగ్గర 1976లోనే ఖమ్మంలో నాగార్జున, కడపలో రాయలసీమ, శ్రీకాకుళంలో శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకులు మొదలయ్యాయి. మా అనంతపురానికి 1979లో శ్రీ అనంత వచ్చింది. నెల్లూరుకు పినాకిని, చిత్తూరుకు శ్రీ వెంకటేశ్వర, తెనాలికి చైతన్య, రాజమండ్రికి గోదావరి, గుడివాడకు కనకదుర్గ. అవతల తెలంగాణలో కాకతీయ, మంజీర, సంగమేశ్వర, శాతవాహన. ఉమ్మడి రాష్ట్రంలో మొత్తం 16. ఒకటి రెండు జిల్లాలకో బ్యాంకు, ఆ జిల్లాలోనే హెడ్డాఫీసు, ఆ చుట్టుపక్కల పిల్లలే గుమస్తాలు, ఫీల్డ్ ఆఫీసర్లు. వాళ్ల జీతాలు పెద్ద బ్యాంకుల లెక్కన కాకుండా రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల లెక్కన ఉండేవి. చేసేది అదే బ్యాంకు పని, జీతం మాత్రం తక్కువ. వాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడితే జస్టిస్ ఎస్.ఓబుల్ రెడ్డి ట్రిబ్యునల్ 1990లో తీర్పిచ్చి వాణిజ్య బ్యాంకులతో సమానం చేసింది. ఆ సిబ్బందికి ఈ జిల్లాలు రుణపడి ఉన్నాయని నేను గట్టిగా నమ్ముతాను. బస్సు పోని ఊళ్లకు సైకిలు మీద పోయి ఖాతాలు తెరిపించిన తరం అది.

నేను ఊరి పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్యలో యానిమేటర్‌గా చాలాకాలం పనిచేశాను. సంఘాల మీటింగులు పెట్టించడం, పద్దులు రాయడం, సంఘాలకు అప్పు ఇప్పించే లింకేజీ కాగితాలు బ్యాంకుకు పట్టుకుపోవడం నా పని. అందుకని పొదుపు గురించి కొంత చెప్పగలను. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో రాష్ట్రమంతా కదిలించింది. తాగుడుకు పోయే డబ్బు ఇంట్లో నిలవాలని ఆ జిల్లా ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున దాచడం మొదలుపెట్టారు. పొదుపు లక్ష్మి అంటే అదే. అదే ఏడాది వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి జాతీయ బ్యాంకు నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలిపే కార్యక్రమం తెచ్చింది. ఆస్తి తాకట్టు లేకుండా, పొదుపు పుస్తకమూ తీర్మానాల పుస్తకమూ చూసి అప్పివ్వడం అన్నది అప్పటిదాకా బ్యాంకులు ఎరగని పద్ధతి.

ఆ పద్ధతి ఎలా నడుస్తుందో బయటివాళ్లకు తెలియదు. అన్ని బ్యాంకుల్లోనూ ఒకే ఫారం ఉంటుంది. పంచసూత్రాలు పాటిస్తున్నారా అని మార్కులు వేస్తారు: మీటింగు పెడుతున్నారా, పొదుపు కడుతున్నారా, లోపల అప్పులు ఇచ్చుకుంటున్నారా, తిరిగి కడుతున్నారా, పుస్తకాలు సరిగా ఉన్నాయా. కానీ మార్కులు తగ్గిన సంఘం ఎందుకు తగ్గిందో ఫారంలో రాయడానికి గడి లేదు. వాన పడక, సగం మంది బెంగళూరుకు పనికి పోయి రెండు నెలలు మీటింగు జరగని సంఘం ఉంటుంది. లీడరు డబ్బు వాడుకుని చెడిన సంఘమూ ఉంటుంది. కాగితం మీద రెండింటికీ అవే మార్కులు. తేడా తెలిసేది ఊరికి వచ్చి చెట్టు కింద కూర్చుని నలుగురితో మాట్లాడిన ఫీల్డ్ ఆఫీసరుకే. గ్రామీణ బ్యాంకు మేనేజరు తన అధికారంలో ఉన్నంతవరకు అక్కడే తేల్చేవాడు. దాటితే రీజినల్ ఆఫీసుకు రాసేవాడు. అక్కడున్నాయనకూ ఈ కరువు సీమ సంగతులు తెలుసు. పంట పోయిన ఏడాది అప్పును రీషెడ్యూలు చేయాలా, రైతును ఒత్తిడి పెట్టాలా అన్న నిర్ణయం చూడడానికి చిన్నది. ఒక కుటుంబం ఊళ్లో ఉంటుందా, వలస పోతుందా అన్నది దాని మీదే ఆధారపడుతుంది.

బ్యాంకు కాస్త వెనక్కి తగ్గిన చోట ఎవరు వస్తారో ఈ రాష్ట్రానికి చెప్పనక్కర్లేదు. 2010 నాటి మైక్రోఫైనాన్స్ గోడు ఇంకా మరుపు రాలేదు. వారం వారం ఇంటి ముందు కూర్చుని వసూళ్లు, ఒక కంపెనీ అప్పు తీర్చడానికి ఇంకో కంపెనీ అప్పు, ఆత్మహత్యలు. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వారపు వాయిదాలను నెల వాయిదాలకు మార్చాల్సి వచ్చింది, ఇళ్ల దగ్గర వసూళ్లు ఆపాల్సి వచ్చింది. ఆ ఆడవాళ్లలో చాలామంది పొదుపు సంఘాల్లోనూ ఉన్నవాళ్లే. సంఘానికి అందిన బ్యాంకు అప్పు అవసరానికి చాలక, లేదా సమయానికి రాక అటు పోయారు.

విలీనం వద్దని నేను అనడం లేదు. ఒకప్పుడు దేశంలో 196 గ్రామీణ బ్యాంకులు ఉండేవి, విడతలు విడతలుగా కలుపుతూ వచ్చి ఇప్పుడు 28 చేశారు. 2006లో మా శ్రీ అనంత, రాయలసీమ, పినాకిని కలిసి ఆంధ్రా ప్రగతి అయినప్పుడు కూడా భయపడ్డాం. హెడ్డాఫీసు కడపలోనే ఉంది కాబట్టి నెట్టుకొచ్చాం. శ్రీకాకుళం వాళ్ల పరిస్థితి మాకన్నా కష్టం. వాళ్ల సొంత బ్యాంకు పోయి ఇన్నేళ్లూ వరంగల్ వైపు చూశారు, వాళ్లకు అమరావతి దగ్గరే. పెద్ద బ్యాంకు అయితే మూలధనం బలపడుతుంది, పెద్ద అప్పులు ఇవ్వగలుగుతుంది, ఫోన్‌లో చేసే లావాదేవీలకు మంచి ఏర్పాట్లు వస్తాయి. అవన్నీ మాకూ కావాలి.

అయితే ఒక నష్టం కళ్ల ముందు ఉంది. ఇంతకుముందు నాలుగు బ్యాంకులకు నాలుగు వార్షిక నివేదికలు వచ్చేవి. రాయలసీమలో ఎంత డిపాజిట్లు తీసుకున్నారు, ఎంత అప్పులుగా తిరిగి ఇచ్చారు అన్నది ఆంధ్రా ప్రగతి నివేదిక చూస్తే కొంతైనా అర్థమయ్యేది. ఇకమీదట రాష్ట్రమంతటికీ ఒకే అంకె వస్తే, డెల్టాలో బంగారం మీద ఇచ్చిన అప్పులూ అనంతపురంలో ఇవ్వని పంట రుణాలూ అందులో కలిసిపోతాయి. అప్పుల్లో 75 శాతం వ్యవసాయం, చిన్న పరిశ్రమల వంటి ప్రాధాన్య రంగాలకు ఇవ్వాలన్న నిబంధనను బ్యాంకు మొత్తం మీద తేలిగ్గా చూపించొచ్చు. ఏ మండలం ఎండిపోయిందో ఆ లెక్కలో కనబడదు. అప్పులు, డిపాజిట్ల నిష్పత్తి 40 శాతం లోపు పడిన జిల్లాల్లో ప్రత్యేక ఉపసంఘం వేయాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. అది అన్ని బ్యాంకులను కలిపి చూసే లెక్క. గ్రామీణ బ్యాంకు తన జిల్లావారీ డిపాజిట్లు, అప్పులు, అందులో పంట రుణాలెన్ని, సంఘాల రుణాలెన్ని, బంగారం మీదవెన్ని అన్నది ఆరు నెలలకోసారి తెలుగులో ప్రతి శాఖ గోడకూ అంటించాలి. ఇది కష్టమైన పనేమీ కాదు. లెక్క కంప్యూటర్లో ఉన్నదే.

కౌలు రైతుల సంగతీ చెప్పాలి. 2011లో గుర్తింపు కార్డుల చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. పంట సాగుదారు హక్కు పత్రం, అంటే సీసీఆర్‌సీ కార్డు, చేతపట్టుకుని వెళ్లిన కౌలు రైతును, భూమి యజమాని మీద అప్పు ఉందని తిప్పి పంపడం మా ప్రాంతంలో మామూలైపోయింది. 2025 జనవరి నుంచి తాకట్టు లేని వ్యవసాయ రుణ పరిమితిని రిజర్వు బ్యాంకు 1.60 లక్షల నుంచి 2 లక్షలకు పెంచింది. ఆ పెంపు కౌలు రైతుకు చేరాలంటే అతన్ని ఎరిగిన మేనేజరుకు సంతకం చేసే అధికారం ఉండాలి. ఎక్కడో ఉన్న ప్రాసెసింగ్ కేంద్రానికి అతను ఒక అసంపూర్ణ దరఖాస్తు మాత్రమే.

చివరగా, డైరెక్టర్ల బోర్డు. చట్టంలోని తొమ్మిదో సెక్షన్ ప్రకారం కేంద్రం ఇద్దరు డైరెక్టర్లను నియమిస్తుంది. వాళ్లు ప్రభుత్వ అధికారులు గానీ బ్యాంకు ఉద్యోగులు గానీ కాకూడదు. రాష్ట్ర ప్రభుత్వానికి మరో ఇద్దర్ని నామినేట్ చేసే హక్కుంది. కేంద్రం నియమించే ఆ ఇద్దరు అధికారేతరుల్లో ఒకరు మెట్ట ప్రాంత రైతు, ఒకరు పొదుపు సంఘాల నుంచి వచ్చిన మహిళ అయి ఉండాలని మన ఎంపీలు ఢిల్లీలో అడగాలి. ఒకరు రాయలసీమ నుంచి, ఒకరు ఉత్తరాంధ్ర నుంచి ఉంటే మరీ మంచిది. 15 శాతం వాటా ఉన్న యజమానిగా రాష్ట్ర ప్రభుత్వం తన డైరెక్టర్ల ద్వారా జిల్లావారీ లెక్కల మాట వచ్చే బోర్డు సమావేశంలోనే పెట్టించవచ్చు. వాటాలను స్టాక్ మార్కెట్‌కు తెచ్చేందుకు 2022లోనే మార్గదర్శకాలు వచ్చాయి. వాటాదారుల లాభం లెక్క బోర్డు ముందుకు రాకముందే పంట రుణాలు, సంఘాల రుణాలు ఏ స్థాయిలో మంజూరు చేయాలో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఆర్థిక శాఖ మంత్రి గారూ, వ్యవసాయ శాఖ మంత్రి గారూ వచ్చే రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల సమావేశం ఎజెండాలో దీన్ని చేర్చి, అక్కడ ఏం చెప్పారో పత్రికలకు తెలపాలని మీ ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
గ్రామ సమాఖ్య మాజీ యానిమేటర్,
కళ్యాణదుర్గం మండలం, అనంతపురం జిల్లా