‘అమ్మ’ అని టైపు కాని ల్యాప్‌టాప్‌కు వారంటీ నిరాకరించడంపై ఫిర్యాదు

తెనాలి,
28 జులై 2025.

కస్టమర్ సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: లినక్స్ వేసుకున్నాననే కారణంతో, వారంటీలో ఉన్న ల్యాప్‌టాప్ కీబోర్డు బాగుచేయడానికి మీ సర్వీస్ సెంటర్ నిరాకరించడం గురించి.

ఆర్యా,

మీ సంస్థ తయారుచేసిన ల్యాప్‌టాప్‌ను 2024 నవంబరు 18న విజయవాడలోని మీ అధీకృత దుకాణంలో 54,990 రూపాయలకు కొన్నాను. ఏడాది వారంటీ ఉంది. ఈ జూన్ మొదటి వారంలో కీబోర్డు మీద ఇంగ్లీషు ఇ, డి, సి అక్షరాలున్న మూడు కీలు పనిచేయడం మానేశాయి. మూడూ ఒకదాని కింద ఒకటి వరసగా ఉండే కీలు. ల్యాప్‌టాప్ కింద పడలేదు, దాని మీద చుక్క నీరు పడలేదు. గుంటూరులోని మీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే, విండోస్ పక్కన లినక్స్ మింట్ (లినక్స్‌లో ఒక రకం, విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) కూడా వేసుకున్నాను కాబట్టి వారంటీ చెల్లదన్నారు. 6,850 రూపాయలు కడితే కీబోర్డు మారుస్తామన్నారు.

నేను తెలుగు టైపిస్టును. పుస్తకాలు టైపు చేసి, పేజీలు కట్టి, ప్రూఫులు దిద్ది ప్రచురణకర్తలకు ఇస్తాను. ఇరవై ఏళ్లుగా ఇదే నా జీవనాధారం. మూడు కీలు పోవడమంటే మీ ఇంజనీరుకు చిన్న విషయంగా కనిపించింది. తెలుగు టైపు చేయడానికి వాడే ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరికలో ఆ మూడు కీల మీద ఏముంటాయో మీకు చెప్పాలి. డి మీద పొల్లు ఉంటుంది. పొల్లు లేకపోతే ఒక్క ఒత్తు కూడా పడదు. షిఫ్ట్ పట్టుకుని అదే కీ నొక్కితే ‘అ’ వస్తుంది. ఇ మీద దీర్ఘం, షిఫ్ట్‌తో ‘ఆ’. సి మీద ‘మ’. ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో ‘పుస్తకం’ అని కొడితే ‘పుసతకం’ అని పడుతోంది. మా ఊరు పేరు ‘తెనలి’ అయిపోతోంది. ‘అమ్మ’ అని కొడితే తెర మీద ఏమీ రాదు. ఆ మాటకు కావలసిన ప్రతి అక్షరమూ చచ్చిపోయిన కీల మీదే ఉంది.

ఇందులో లినక్స్ ఎందుకు వచ్చిందో కూడా చెప్తాను. సరదాకో, ఎవరో చెప్పారనో వేసుకున్నది కాదు అది.

2016లో కొన్న డెస్క్‌టాప్ ఒకటి నా దగ్గర ఉంది. ఇంటెల్ ఐ5, ఆరో తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. ఇప్పటికీ భేషుగ్గా నడుస్తుంది. కానీ విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసరైనా ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. నా డెస్క్‌టాప్ దానికి పనికిరాదని మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ ప్రోగ్రాం తేల్చేసింది. విండోస్ 10కేమో 2025 అక్టోబరు 14తో సపోర్టు ముగుస్తోంది. ఆ తర్వాత సెక్యూరిటీ అప్‌డేట్లు మామూలుగా రావు. ప్రచురణకర్తల ఫైళ్లు, బ్యాంకు లావాదేవీలు, అన్నీ అందులోనే. బాగా నడుస్తున్న కంప్యూటర్‌ను పాత సామానులో పడేయడానికి నాకు మనసొప్పలేదు.

బీటెక్ చదువుతున్న మా మేనల్లుడు ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు అనే లినక్స్, ఇంకోదానిలో లినక్స్ మింట్ 22 వేసి ఇచ్చాడు. “అత్తా, నీ హార్డ్‌డిస్కు జోలికి పోకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసుకోవచ్చు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేయ్, నీ విండోస్ నీకు అలాగే ఉంటుంది” అన్నాడు. వారం రోజులు రెండూ నడిపి చూశాను. ఉబుంటులో అన్నీ ఎడమ పక్కన ఉండటం నా చేతికి అలవాటు కాలేదు. మింట్‌లో మెనూ కింద ఎడమ మూలనే ఉంది, విండోస్ 7 మీద పనిచేసిన వాళ్లకు కొత్తగా అనిపించదు. ఇన్‌స్క్రిప్ట్ సెట్టింగుల్లోనే దొరికింది. మండలి, రామభద్ర ఫాంట్లు వేసి, నా పాత పుస్తకం ఒకటి లిబ్రెఆఫీస్‌లో తెరిచాను. ఒత్తులు, గుణింతాలు, సంయుక్తాక్షరాలు ఎక్కడా విడిపోలేదు. అదే ఫైలును విండోస్‌లో అదే ఫాంట్‌తో తెరిచి పేజీ పేజీ పోల్చి చూశాను. నా కళ్లతో చూశాకే డెస్క్‌టాప్‌ను మింట్‌లోకి మార్చాను.

కానీ ఒక్క మింట్‌తో నా పని జరగదు. తెలుగు ప్రచురణలో పాత సరుకంతా అను ఫాంట్లలోనూ, 2001లో ఆఖరి ప్రధాన వెర్షన్ వచ్చిన పేజ్‌మేకర్ అనే పేజీలు కట్టే ప్రోగ్రాంలోనూ ఉంది. ఆ అక్షరాలు అన్ని కంప్యూటర్లకూ ఒకే రీతిలో అర్థమయ్యే యూనికోడ్ కావు. లోపల ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయి, పైకి తెలుగు బొమ్మ కనిపిస్తుంది. పదిహేనేళ్ల కిందటి పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేయాలంటే ఆ ఫైలు తెరవడానికి విండోస్ కావాల్సిందే. అందుకే కొత్త ల్యాప్‌టాప్ కొనేటప్పుడు రెండు వ్యవస్థలూ పక్కపక్కన ఉండాలని ముందే అనుకున్నాను.

కొనేముందు షాపుల్లో చాలా చూశాను. మాక్‌బుక్ ఎయిర్ తెర అందంగా ఉంది, ధర నాకు అందదు, నా పాత ఫైళ్లకు పనికి రాదు. క్రోమ్‌బుక్ చవక, కానీ పేజ్‌మేకర్ దానిలో నడవదు. మీ ల్యాప్‌టాప్ ఎంచుకున్నది దాని కీబోర్డు చూసే. కీ నొక్కితే వేలికి తెలిసేంత లోతుగా దిగుతుంది. రోజుకు తొమ్మిది గంటలు టైపు చేసే మనిషికి ప్రాసెసర్ కన్నా అదే ముఖ్యం. ఆ కీబోర్డే ఏడు నెలలు తిరక్కుండా పాడైంది.

ల్యాప్‌టాప్‌లో మింట్ వేసేటప్పుడు మీ విండోస్‌ను తీసేయలేదు. డిస్కులో కొంత చోటు విడదీసి అక్కడ వేశాం. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్‌ను ఆపలేదు, మింట్ దానితోనే నడుస్తుంది. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీని ముందే కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకున్నాను. మూత విప్పలేదు, స్క్రూ ఒక్కటి కూడా తిప్పలేదు. ఆర్నెల్లకు పైగా రెండు వ్యవస్థలూ ఏ చిక్కూ లేకుండా నడిచాయి. వేలిముద్ర రీడర్ మింట్‌లో పనిచేయలేదు. అది నేను ఎంచుకున్న సాఫ్ట్‌వేర్ సంగతి, దానికి మీ గడప తొక్కలేదు, ఇకముందు తొక్కను కూడా.

జూన్ 9న సర్వీస్ సెంటర్‌లో జరిగింది ఇది. ఇంజనీరు ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే ఏ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) కావాలో అడిగే తెర వచ్చింది. “మేడమ్, దీంట్లో వేరే ఓఎస్ వేశారు కదండీ, ఇక ఇది వారంటీలోకి రాదండి” అన్నాడు. అప్పటికింకా కీబోర్డు మీద వేలు పెట్టి కూడా చూడలేదు. నేను అతన్ని మూడు పరీక్షలు చేసి చూడమని అడిగాను. విండోస్‌లో చూశాడు, ఆ మూడు కీలు పలకలేదు. యూఎస్‌బీకి బయటి కీబోర్డు పెట్టి చూశాడు, విండోస్‌లోనూ మింట్‌లోనూ అన్ని కీలూ పలికాయి. చివరగా ల్యాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు ఒక కీ నొక్కితే వచ్చే మీ సొంత హార్డ్‌వేర్ పరీక్షలోకి వెళ్లమన్నాను. అందులో కీబోర్డు బొమ్మ వస్తుంది, నొక్కిన కీ రంగు మారుతుంది. మిగతా కీలన్నీ రంగు మారాయి, ఇ, డి, సి మారలేదు. ఆ పరీక్ష నడిచేటప్పుడు విండోస్ గానీ లినక్స్ గానీ ఇంకా మొదలవ్వవు. ఆ తెరను నేను ఫోన్‌లో ఫొటో తీశాను, ఈ లేఖతో పంపుతున్నాను.

ఆ అబ్బాయి నా మాట కాదనలేదు. “నిజమేనండీ, కీబోర్డే పోయింది. కానీ ఓఎస్ మారిందని రాస్తే పైనుంచి పార్ట్ ఇవ్వరండి” అన్నాడు. అతని మీద నాకు ఫిర్యాదు లేదు. అతని చేత అలా అనిపించిన నియమం మీదే నా ఫిర్యాదంతా. పరీక్ష రుసుం పేరుతో జీఎస్టీతో కలిపి 590 రూపాయలు తీసుకున్నారు.

ఫ్యాక్టరీలో వచ్చినట్టు మార్చి తెస్తే మళ్లీ చూస్తామన్నారు. నమ్మాను. టైపు చేస్తున్న పుస్తకాన్ని బయటి డిస్కులోకి ఎక్కించి, రెండు రోజులు కూర్చుని అంతా చెరిపి, మీరు ఇచ్చినప్పటిలాగే విండోస్ ఒక్కటే ఉండేలా చేసి జూన్ 16న మళ్లీ తీసుకెళ్లాను. లినక్స్ పోయింది, కీలు రాలేదు. ఈసారి ఇంకో మాట చెప్పారు: సాఫ్ట్‌వేర్ మార్చినట్టు ఈ సీరియల్ నంబరు మీద ఇప్పటికే నమోదైపోయిందట, ఇక దాన్ని ఎవరూ తీయలేరట. అంటే మొదటిసారి తప్పుగా రాసినది రెండోసారికి సాక్ష్యమైంది. నా రెండు రోజుల పని, తెనాలి నుంచి గుంటూరుకు రెండు తిరుగుళ్లు వృథా అయ్యాయి.

మీ వారంటీ పత్రం నా ముందే ఉంది. మొత్తం మూడుసార్లు చదివాను. పడేస్తే, నీళ్లు పోస్తే, అనధికార వ్యక్తులు విప్పితే వర్తించదని ఉంది. సాఫ్ట్‌వేర్ సమస్యలకు వారంటీ లేదని ఉంది. ఆ రెండూ న్యాయమే, నేను ఒప్పుకుంటాను. కానీ ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే హార్డ్‌వేర్‌కు వారంటీ పోతుందన్న మాట అందులో ఎక్కడా లేదు. ఎక్కడుందో మీరు చూపించండి.

మీరే ఇదే శ్రేణిలో విండోస్ లేని ల్యాప్‌టాప్‌లు కూడా అమ్ముతున్నారు. షాపుల్లో వాటిని డాస్ ల్యాప్‌టాప్ అంటారు. కొన్ని వేల రూపాయలు తక్కువకు వస్తాయి కాబట్టి పిల్లల చదువుకని అవి తీసుకునే తల్లిదండ్రులను నేనే చూశాను. అవి కొన్నవాళ్లు ఇంటికెళ్లి ఏదో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తామే వేసుకోక తప్పదు. వాళ్ల వారంటీ కూడా ఆ రోజే పోతుందా? పోకపోతే, అదే పని చేసిన నాకు ఎందుకు పోయింది?

నాకు తెలిసిన డీటీపీ (కంప్యూటర్ మీద పేజీలు కట్టే పని) వాళ్లలో విండోస్ 10 దగ్గర ఆగిపోయిన కంప్యూటర్లున్న వాళ్లు చాలామంది ఉన్నారు. అక్టోబరు దగ్గరపడే కొద్దీ వాళ్లూ నాలాగే పెన్‌డ్రైవ్‌లు తెచ్చుకుని ఉబుంటు, మింట్ పెట్టి చూస్తారు. లినక్స్‌ను తెలుగులోకి తేవడానికి స్వేచ్ఛ సంస్థ వాళ్లు చేసిన కృషి ఇలాంటి వాళ్లకు ఇప్పుడు ఉపయోగపడే సమయం. “వేస్తే వారంటీ పోతుందట” అన్న భయం ఒక్కటి చాలు, వాళ్లు అప్‌డేట్లు లేని కంప్యూటర్ మీదే బ్యాంకు పనులు చేసుకుంటూ ఉండిపోవడానికి. మీ సర్వీస్ సెంటర్లో ఒకరు అన్న మాట ఊరంతా పాకుతుంది. మా వీధిలో అప్పుడే ఇద్దరు అడిగారు.

నేను టైపు చేస్తున్నది ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి జ్ఞాపకాల పుస్తకం. జూన్ ఆఖరుకు ఇస్తానని మాట ఇచ్చాను. బయటి కీబోర్డు పెట్టుకుని ల్యాప్‌టాప్‌ను బల్లకు అంటిపెట్టి చేస్తున్నాను. ఆ పుస్తకంలో ఆయన వాళ్ల అమ్మ గురించి రాసిన అధ్యాయం మధ్యలో ఉండగానే కీలు పోయాయి. పెద్దాయన ఫోన్ చేసినప్పుడల్లా ఇంకో వారం అని చెప్పాల్సి వస్తోంది. పేజీకి 30 రూపాయల మీద బతికే పనిలో ఆలస్యం అంటే ఏమిటో మీరు లెక్కవేసుకోగలరు.

నేను కోరుతున్నవి ఇవి. కీబోర్డును వారంటీ కింద ఉచితంగా మార్చాలి. నా సీరియల్ నంబరు మీద సాఫ్ట్‌వేర్ మార్చినట్టు రాసిన నమోదును తీసేసి, తీసేశామని రాతపూర్వకంగా తెలపాలి. 590 రూపాయలు తిరిగి ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, హార్డ్‌వేర్ లోపాన్ని మీ సొంత హార్డ్‌వేర్ పరీక్షతోనే తేల్చాలనీ, ఏ ఓఎస్ ఉందన్నది దానికి అడ్డు కాకూడదనీ మీ సర్వీస్ సెంటర్లన్నిటికీ ఆదేశం పంపాలి. మొదటి మూడూ చేసి నాలుగోది వదిలేస్తే నాకు సంతృప్తి లేదు. రేపు ఇంకో టైపిస్టు అదే బల్ల ముందు నిలబడి ఇదే మాట వినాల్సి వస్తుంది.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు ఇవ్వగలరు. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాను. అక్కడా తేలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద గుంటూరు జిల్లా కమిషన్‌కు వెళ్తాను. ఫిర్యాదుదారు నివాసం ఉన్నచోటే కేసు వేసుకునే వీలు ఆ చట్టం ఇచ్చింది. 5 లక్షల రూపాయల లోపు వస్తువుకు రుసుం కూడా లేదు. అంత దూరం వెళ్లాలని నాకు లేదు, కానీ వెళ్లడానికి సిద్ధంగా ఉన్నాను.

బిల్లు, వారంటీ పత్రం, జూన్ 9, 16 తేదీల్లో మీ సెంటర్ ఇచ్చిన రెండు జాబ్‌షీట్లు, 590 రూపాయల రసీదు, హార్డ్‌వేర్ పరీక్ష ఫొటో జతచేశాను. ల్యాప్‌టాప్ ఇంట్లోనే ఉంది. ఇంజనీరును పంపితే పొద్దున పది తర్వాత ఏ రోజైనా రావచ్చు. డేటా అంతా బయటి డిస్కులో దాచుకున్నాను, అయినా నన్ను అడగకుండా డిస్కు చెరపవద్దని మనవి. ల్యాప్‌టాప్‌లో మింట్ మళ్లీ వేసుకున్నాను, విండోస్ కూడా పక్కనే ఉంది.

భవదీయురాలు,
తెలుగు టైపిస్టు, తెనాలి.