‘ఏ’ అక్షరానికి అతుక్కున్న చిన్న మాటలు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అంది నాలుగు రోజులైంది. ఇంగ్లీషు నిఘంటువు తెరిచి, ‘ఏ’ (A) అక్షరం దగ్గరే రెండు వారాలుగా ఉండిపోయానని రాశావు. ఆల్కహాలుకీ ఆల్జీబ్రాకీ ఏమి చుట్టరికం, రెండూ ఒకేలా ఎందుకు మొదలవుతాయి అని అడిగావు. ఆ ప్రశ్న ఎంత నచ్చిందో చెప్పలేను. నాలుగు రోజులుగా వేరే పని తోచలేదు.

చుట్టరికం అర్థంలో లేదు, ముందున్న ‘అల్’లో ఉంది. అరబ్బీలో అది ఇంగ్లీషు ‘ది’ లాంటి మాట. మన తెలుగుకు అలాంటి మాటతో అవసరమే లేదు కనుక మనకు వెంటనే తట్టదు. అరబ్బులు పేరుకు ముందు దాన్ని పలుకుతుంటే, యూరప్ వాళ్లు అదీ పేరులో భాగమే అనుకుని మొత్తంగా తీసుకెళ్లారు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన గణిత గ్రంథం పేరులో ‘అల్ జబ్ర్’ ఉంది. విడిపోయిన వాటిని మళ్లీ కలపడం అని దాని అర్థం. విరిగిన ఎముకను అతికించడానికీ అదే మాట వాడేవారు. అందుకే స్పానిష్‌లో ఒకప్పుడు ఎముకలు సరిచేసే వైద్యుణ్ణి అల్జెబ్రిస్టా అనేవారు. సమీకరణాన్ని సరిచేసేవాడికీ ఎముకను సరిచేసేవాడికీ ఒకే పేరు! ఇక అల్గారిదమ్ అయితే ఆ పండితుడి పేరే. ఖ్వారిజ్మ్ ప్రాంతం వాడు అని ఆ పేరుకు అర్థం.

ఆల్కహాలు కథ ఇంకా దూరం వెళ్తుంది. ‘అల్ కుహ్ల్’ అంటే కళ్లకు పెట్టుకునే మెత్తటి పొడి, మన కాటుక లాంటిది. రసవాదులు ఆ పేరును మొదట మెత్తగా నూరిన ఏ పొడికైనా వాడారు. తర్వాత మరిగించి, ఆవిరిని చల్లార్చి తీసిన సారానికీ వాడారు. ద్రాక్షసారా నుంచి తీసిన సారానికి ఆ పేరు స్థిరపడి, పొడి సంగతి జనం మరిచిపోయారు. కంటి కాటుక సీసాలోకి చేరిన ఈ దారి నాకు అన్నిటికంటే ఇష్టం.

అడ్మిరల్ గురించి కూడా అడిగావు కదా. నౌకాదళానికి అధిపతి అయిన ఆయన మనకు తెలిసిన అమీరే. ‘అమీర్ అల్’ అంటే ‘ఫలానా దానికి అధిపతి’. ఆ ఫలానా ఏదో దారిలో రాలిపోయి ‘అల్’ మాత్రం చివర వేలాడుతూ మిగిలింది. మొసలి జాతికి చెందిన అలిగేటర్‌లో ఉన్నది స్పానిష్ ‘ఎల్’. ‘ఎల్ లగార్తో’ అంటే బల్లి. అంత పెద్ద జంతువును చూసి వాళ్లు పెట్టిన పేరు అది. ఆప్రికాట్ పండు పేరు మరీ విచిత్రం. తొందరగా పండేది అనే లాటిన్ మాట గ్రీకులోకి వెళ్లి, అక్కడి నుంచి అరబ్బీలో ‘అల్ బర్కూక్’ అయి, స్పెయిన్ మీదుగా మళ్లీ పడమటికి వచ్చింది. వెళ్లేటప్పుడు లేని ‘అల్’ తిరిగొచ్చేటప్పుడు వెంట వచ్చింది.

ఒక హెచ్చరిక. ‘అల్’ కనిపించిన ప్రతిచోటా అరబ్బీ అనుకోవద్దు. పేర్లలో ముఖ్యంగా. ఆల్‌ఫ్రెడ్‌లో ఉన్నది ‘ఎల్ఫ్’, వనదేవతల వంటి వాళ్లు. వాళ్ల సలహా పొందినవాడు అని ఆ పేరు. ఆల్బర్ట్‌లో ఉన్నది పాత జర్మన్ ‘అదల్’, ఉన్నత వంశం. ఎడిలైడ్‌లోనూ అదే ఉంది, అది ఫ్రెంచి నోళ్లలో కుదించుకుపోయి ఆలిస్ అయింది. అలెగ్జాండర్ గ్రీకు పేరు, మనుషులను కాపాడేవాడు. అందులోని ‘ఆండ్ర్’ ఆండ్రూలోనూ ఉంది. దాని మూలమైన ‘అనేర్’, మన ‘నర’ ఒకే మూలం నుంచి వచ్చాయి.

పేరుకు ముందు వచ్చే ఇంగ్లీషు సొంత ‘ఎ’ కూడా ఇలాంటి పనే చేసింది. ఏప్రన్ ఒకప్పుడు ‘నాప్రన్’. ‘ఎ నాప్రన్’ అని పలికీ పలికీ, ‘యాన్ ఏప్రన్’ అని విన్నారు. న కారం పక్క మాటకు వెళ్లిపోయింది. యాడర్ అనే విషసర్పానికీ ఇదే గతి. దీనికి ఎదురుగా నిక్‌నేమ్ ఉంది. అది ‘ఎక్ నేమ్’, అంటే అదనపు పేరు, దానికి న కారం కొత్తగా వచ్చి చేరింది. ‘ఏ’ అక్షరంతో మొదలు కాకపోయినా ఆరెంజ్‌ను వదలలేను. ఇంగ్లీషుకు చేరకముందే దాని న కారం పోయింది. మన నారింజలో భద్రంగా ఉంది, పలికి చూడు.

ఇప్పుడు నేను ఎదురుచూసిన చోటికి వచ్చాను. గ్రీకు మాటల ముందుండే ‘అ’, మన అధర్మం, అజ్ఞానంలోని ‘అ’ ఒకటే. ఆటమ్ అంటే కోయలేనిది. ఆమ్నెస్టీ అంటే గుర్తుంచుకోకపోవడం, క్షమాభిక్ష అన్న అర్థం అందులోంచే వచ్చింది. అమెథిస్ట్ అనే ఊదారంగు రాయికి మత్తెక్కనిది అని అర్థం. ఆ రాయి దగ్గరుంటే మత్తు ఎక్కదని గ్రీకులు నమ్మేవారు. అనానిమస్, మన అనామకుడు దూరపు అన్నదమ్ములు. చివరిగా నువ్వు అర్థం తెలియక గుర్తు పెట్టుకున్న ఆంబ్రోజ్ అనే పేరు: చావు లేనివాడు. గ్రీకులో ‘అంబ్రోతోస్’, సంస్కృతంలో ‘అమృత’, రెండూ ఒకే పదం. అది తెలిసిన రోజు నేను నిఘంటువు మూసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

ఇక ఆ ‘ఏ’ (A) అక్షరాన్నే కాగితం మీద రాసి తలకిందులు చేసి చూడు. రెండు కొమ్ములు కనిపిస్తాయి. మధ్యధరా తూర్పు తీరంలో ఉండిన ప్రాచీన వర్తకులు ఫినీషియన్లు దాన్ని అలెఫ్ అనేవారు, ఎద్దు అని అర్థం. గ్రీకులు తీసుకుని అల్ఫా అని పిలిచి అచ్చుగా మార్చుకున్నారు. తర్వాతి అక్షరం బేత్, ఇల్లు. నువ్వు ఆ పేజీలకు చేరగానే కనిపించిన మాటలన్నీ రాసి పంపు.

నీ స్నేహితుడు