కుక్కా పిల్లీ ఉన్న మా ఇంటికి వచ్చి అమ్మను చూసుకున్నవారికి కృతజ్ఞతలు

తుంటి ఎముక ఆపరేషన్ తర్వాత అమ్మను ఇంటికొచ్చి చూసుకున్న సిస్టర్‌కీ, ఇంట్లోనే ఉండి కనిపెట్టుకున్న అటెండర్ అక్కకీ, ఫిజియో గారికీ, మా వెట్ డాక్టరు గారికీ ఇంటిల్లిపాదీ చేతులెత్తి నమస్కరిస్తున్నాం. కుక్కను ఎక్కడికైనా పంపించేయండని వీళ్ళలో ఒక్కరూ అనలేదు. అది కళ్ళెదుట లేకపోతే అమ్మ అన్నం ముట్టదని గమనించి, దాన్ని ఉంచుకుంటూనే పని ఎలా సాగాలో మాకు నేర్పారు. ఇలాంటి ఇంట్లో పనిచేయడం తేలిక కాదు. కుక్కంటే భయపడేవాళ్ళుంటారు, బొచ్చుకు ఆయాసం వచ్చేవాళ్ళుంటారు, కుక్క చొంగ అంటితే నమాజుకు ముందు బట్టలు మార్చుకోవాల్సినవాళ్ళుంటారు. "మా కుక్క ఏమీ చేయదండీ" అంటే వాళ్ళకు ధైర్యం రాదు, గది తలుపు మూసి ఉంటేనే వస్తుంది.

ముందు ఫిజియో గారి గురించి. ఆపరేషన్ అయిన కాలు కదిలిస్తుంటే పెద్దవాళ్ళు మూలుగుతారు, ఒక్కోసారి కేక పెడతారు. మంచం పక్కనే పడుకునే కుక్కకు కనిపించేదల్లా కొత్త మనిషి తన మనిషిని బాధపెట్టడమే. ఎన్నడూ ఎవరినీ కరవని కుక్క కూడా ఆ సమయంలో కరవొచ్చు. మంచం కోడుకు కట్టేస్తే ఇంకా ప్రమాదం, తప్పుకునే దారి దానికి ఉండదు. అందుకని ఆయన బయల్దేరేముందు తప్పకుండా ఫోన్ చేసేవారు. ఫోన్ రాగానే కుక్కను ఓ అరగంట తిప్పుకొచ్చి, నీళ్ళు పెట్టి, వెనక గదిలో ఉంచి గడియ వేయాలి. బెల్లు మోగాక పట్టుకోబోతే అప్పటికే అది రెచ్చిపోయి ఉంటుంది. గట్టి రబ్బరు బొమ్మలో పెరుగన్నం కూరి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ఇస్తే చాలాసేపు దాని మీదే ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి తగిలిన అన్నం మాత్రం కుక్కకు పెట్టకూడదు. గది తలుపు మీద "లోపల కుక్క ఉంది" అని పెద్ద అక్షరాలతో కాగితం అంటించాలి. కొత్తగా వచ్చినవాళ్ళు బాత్రూమ్ అనుకుని ఆ తలుపే తీస్తారు. వచ్చినవాళ్ళు గేటు దాటాకే కుక్కను వదలాలి.

సిస్టర్ వచ్చీ రాగానే యూరిన్ బ్యాగు చోటు మార్చారు. బ్యాగు మూత్రాశయం కన్నా కిందే ఉండాలి, నేలకు తగలకూడదు. అంటే సరిగ్గా కుక్క మూతి ఎత్తులో ఉంటుందన్నమాట. మూత్రాన్ని బ్యాగులోకి తెచ్చే గొట్టాన్ని (ఫోలీ కాథెటర్) లోపల నిలిపి ఉంచేది నీళ్ళు నింపిన చిన్న బెలూను, మామూలుగా 10 మి.లీ. కుక్క గొట్టం లాగినా, ఊగుతోంది కదా అని పిల్లి గోళ్ళతో ఆడినా, ఆ బెలూను ఉబ్బి ఉండగానే కిందికి జారి మూత్రనాళం చీరుతుంది, రక్తం వస్తుంది. అందుకే గొట్టాన్ని కాస్త వదులుగా ఉంచి తొడకు టేపుతో అంటించారు, బ్యాగును గోడవైపు మంచం చట్రానికి తగిలించారు. పైకీ కిందికీ కదిలే రెయిలింగుకు తగిలించవద్దన్నారు.

డ్రెస్సింగ్ మార్చే గదిలోకి గంట ముందు నుంచే జంతువులను రానివ్వకూడదు. దుప్పటి మార్చి, నేలను తడిగుడ్డతో తుడవాలి. చీపురుతో ఊడిస్తే బొచ్చు గాల్లోకి లేస్తుంది, అందుకే ఫ్యాను కూడా ఆపాలి. కుక్క నాకితే పుండు మానుతుందనే మాట మన ఊళ్ళల్లో ఇంకా వినిపిస్తుంటుంది, దయచేసి నమ్మకండి. కుక్క నోట్లో పాశ్చరెల్లా, క్యాప్నోసైటోఫాగా లాంటి బ్యాక్టీరియా ఉంటాయి, నిరోధక శక్తి తగ్గినవాళ్ళ రక్తంలోకి చేరితే ప్రాణాల మీదికి వస్తుంది. ఇంట్లోనే పొట్ట ద్వారా డయాలసిస్ చేసుకునేవారికి ఇది మరీ ముఖ్యం. పిల్లి కొరికిన గొట్టం నుంచి పొట్టలో ఇన్‌ఫెక్షన్ వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. డయాలసిస్ తర్వాత పొట్టలోంచి బయటికొచ్చే నీరు మసకగా కనిపిస్తే ఆ పూటే డాక్టరుకు చెప్పాలి.

పిల్లి క్షేమంగా ఉందంటే అది అటెండర్ అక్క చలవే. నేల తుడిచే ఫినాయిలు పిల్లి పాదాలకు అంటుతుంది, అది నాక్కుంటుంది, ఆ విషాన్ని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. డెట్టాల్‌తోనూ ఇదే ఇబ్బంది. వెట్ డాక్టరు గారు చెప్పగానే అక్క సబ్బునీళ్ళకు మారారు, నేల ఆరేదాకా తలుపు మూసి ఉంచేవారు. మాత్రలను మంచం మీద విప్పకుండా అంచున్న పళ్ళెంలో విప్పేవారు, జారినా దొర్లిపోకుండా. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కడుపునూ కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. నొప్పి జెల్ రాసిన మోకాలిని నాకినా ప్రమాదమే.

వెట్ డాక్టరు గారు కుక్క ఎదుట మమ్మల్ని నిలబెట్టి చూపించారు: ఒళ్ళు బిగదీయడం, తోక ముడవడం, తిండి లేకపోయినా మూతి నాక్కోవడం, తల తిప్పకుండా కంట్లో తెల్లటి భాగం కనబడేలా ఓరగా చూడటం. వీటిలో ఏది కనిపించినా మనుషులే వెనక్కి తగ్గాలి. గుర్రుమన్నందుకు కొట్టకూడదు, కొడితే ఈసారి గుర్రుమనకుండానే కరుస్తుంది. రేబీస్ టీకా మూడు నెలల వయసులో మొదలుపెట్టి తర్వాత ఏటా వేయించాలి. ఆ సర్టిఫికెట్ కాపీని వచ్చేవాళ్ళు అడగకుండానే కనబడేలా గోడకు అంటించమన్నారు.

ఇంత చేసినా పంటిగాటో గోటిగీరో పడితే 15 నిమిషాలు కుళాయి ధార కింద సబ్బుతో కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. రేబీస్ టీకా చర్మంలోకి ఇచ్చేదైతే 0, 3, 7, 28 రోజుల్లో, కండకు ఇచ్చేదైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో వేయించుకోవాలి (మొదటి టీకా వేసిన రోజే 0). రక్తం వచ్చిన గాయానికి ఇమ్యునోగ్లోబులిన్ (రేబీస్‌ను అడ్డుకునే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా కావాలి. కుక్కను 10 రోజులు గమనిస్తూనే ఉండాలి, ఆ పేరుతో టీకా వాయిదా వేయకూడదు. ఆ ఖర్చూ, ఆ రోజుల జీతమూ ఇంటివాళ్ళే భరించాలి. మన ఇంటికి పనికొచ్చిన మనిషికి మన కుక్క వల్ల జరిగిన గాయం అది.

పై అంతస్తు పిన్నిగారికి ప్రత్యేకంగా రుణపడ్డాం. డ్రెస్సింగ్ ఉన్న రోజుల్లో కుక్కను తమ వరండాలో ఉంచుకున్నారు. దాని దుప్పటి, నీళ్ళ గిన్నె ముందే పైకి పంపిస్తే అది అరవకుండా పడుకుంటుందని కనిపెట్టింది కూడా ఆవిడే.